వణుకు ఆగిందని ఊరట పడకండి: చలికాలంలో కుక్కల సంరక్షణపై పాఠకుల ప్రశ్నలకు పశువైద్యురాలి జవాబులు

చలి మొదలైందంటే నాకు వచ్చే ఉత్తరాల తీరే మారిపోతుంది. కొందరు ‘కుక్కకు బొచ్చు ఉంది కదా, దానికి చలేమిటి?’ అంటారు. మరికొందరు ఊపిరాడనంతగా దుప్పట్లు చుట్టేసి ‘ఇంకా ఏమైనా కప్పాలా?’ అని అడుగుతారు. ఇద్దరికీ నా జవాబు ఒకటే. మీ ఎదుట ఉన్న ఆ ఒక్క కుక్కను చూడండి. దాని వయసు, బరువు, బొచ్చు, పడుకునే చోటు చూడండి. అది తడిసి ఉందో పొడిగా ఉందో చూడండి. ఈ నెల జవాబులన్నీ అక్కడినుంచే మొదలవుతాయి.

ఒక చిన్న కోరిక. కుక్క ఉన్న ప్రతి ఇంట్లోనూ దానికంటూ ఒక డిజిటల్ థర్మామీటర్ ఉంచండి. ముక్కు తడిగా ఉందా, చెవులు చల్లగా ఉన్నాయా అని చూసి జ్వరమో చలో తేల్చుకోవద్దు. థర్మామీటర్ కొనకు కాస్త వాసెలిన్ రాసి, మలద్వారంలో ఒక అంగుళం లోపలికి మెల్లగా పెట్టి చూడాలి. పెద్ద కుక్కకు 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ మామూలు వేడి. మనకు జ్వరం అనిపించే అంకె దానికి ఆరోగ్యం. ఈ సంగతి తెలియక కంగారుపడి వచ్చేవారు ఎంతమందో!

ప్రశ్న: మాది మూడేళ్ల డాషండ్. పొద్దున్నే బయటకు తీసుకెళ్తే వణుకుతూ ఒక కాలు ఎత్తి నిలబడిపోతోంది. స్వెటర్ తొడిగితే కొరికి లాగేస్తోంది. ‘కుక్కకు చొక్కాలేమిటి?’ అని మా అత్తగారు కోప్పడుతున్నారు. ఏం చేయమంటారు డాక్టర్ గారూ?

మీ కుక్కకు నిజంగానే చలి వేస్తోందమ్మా. చిన్న ఒంటికి బరువుతో పోలిస్తే చర్మం విస్తీర్ణం ఎక్కువ కాబట్టి లోపలి వేడి త్వరగా బయటకు పోతుంది. పైగా డాషండ్ కాళ్లు పొట్టివి. దాని పొట్ట మంచు పట్టిన గడ్డిని రాసుకుంటూ పోతుంది. బొచ్చు కూడా పొట్టిగా, నున్నగా ఉండే రకమైతే స్వెటర్ ముచ్చట కోసం కాదు, అవసరం కోసమే. మీ అత్తగారికి ఈ మాట నా మాటగా చెప్పండి.

అది లాగేస్తోందంటే చాలాసార్లు తప్పు స్వెటర్‌దే. ముందుకాళ్ల చంకల దగ్గర ఒరుసుకుంటోందేమో చూడండి. మెడ దగ్గర మీ రెండు వేళ్లు సులువుగా దూరాలి. పొట్ట కిందిభాగాన్ని కప్పాలి గానీ మూత్రం పోసే చోటికి అడ్డు రాకూడదు. మొదట రెండు మూడు రోజులు తొడగవద్దు. అది పడుకునే చోట పరచి, దాని మీదే ఇష్టమైన తిండి పెట్టండి. తర్వాత ఇంట్లో కొద్ది నిమిషాలు వేసి తీసేయండి. బయటినుంచి రాగానే విప్పాలి. తడిస్తే వెంటనే విప్పాలి. తడి స్వెటర్ అసలు స్వెటర్ లేకపోవడం కంటే చేటు. వీలైతే నడక సమయం మార్చుకుని ఎండ పడ్డాక తీసుకెళ్లండి.

ఇక వణుకు సంగతి. వణకడం అంటే కండరాలు పనిచేసి వేడి పుట్టించడం. అది ఒళ్లు తనను తాను కాపాడుకునే పద్ధతి. చలిలో చాలాసేపు ఉన్న కుక్క వణకడం మానేసి, మగతగా, తూలుతూ, పిలిస్తే పలకకుండా ఉంటే తేరుకుందని అనుకోకండి. ఒంటి వేడి బాగా పడిపోయినప్పుడు వణికే శక్తి కూడా పోతుంది. థర్మామీటర్ 99 కంటే కింద చూపిస్తే పొడి తువ్వాలుతో తుడిచి, దుప్పటి చుట్టి, గోరువెచ్చని నీళ్ల సీసాలను గుడ్డలో చుట్టి ఛాతీకీ పొట్టకూ ఆనించండి. కాళ్లను గట్టిగా రుద్దవద్దు. హెయిర్ డ్రయ్యర్ వేడిగా పట్టవద్దు. బ్రాందీలాంటివి చుక్క కూడా పోయవద్దు. మద్యం చర్మం దగ్గరి రక్తనాళాలను వెడల్పు చేసి మిగిలిన వేడిని కూడా బయటకు పంపేస్తుంది, అది చాలక కుక్కకు విషం కూడా. వెచ్చబెడుతూనే ఆసుపత్రికి బయలుదేరండి.

మీది డాషండ్ కాబట్టి ఇంకొక్క మాట. వెచ్చని గదిలో కూడా వణుకుతూ ఉంటే, వీపు గూనిలా ఉబ్బించి నిలబడితే, సోఫా ఎక్కడానికి వెనుకాడితే, ఎత్తుకోగానే మూలిగితే, దాన్ని చలి ఖాతాలో వేయకండి. ఈ జాతికి వెన్నుపూసల మధ్య డిస్క్ జారే జబ్బు ఎక్కువ. నొప్పితో కూడా కుక్కలు వణుకుతాయి. వెనక కాళ్లు తడబడుతుంటే తెల్లారేదాకా ఆగవద్దు. ఆ రాత్రే చూపించండి.

ప్రశ్న: మా సైబీరియన్ హస్కీ మెత్తని పక్క వదిలేసి రాత్రంతా బాల్కనీలో చల్లని గచ్చు మీద పడుకుంటోంది. ఇరుగుపొరుగు నన్ను జాలి లేనిదాన్ని అంటున్నారు. బలవంతంగా లోపల ఉంచాలా?

ఆరోగ్యంగా ఉన్న హస్కీ అయితే బలవంతపెట్టకండి. దానికి రెండు పొరల బొచ్చు ఉంటుంది. పైన నీటిని ఆపే గరుకు వెంట్రుకలు, లోపల గాలిని పట్టి ఉంచే దట్టమైన మెత్తని నూగు. చుట్ట చుట్టుకుని తోకను ముక్కు మీద కప్పుకుందంటే దాని ఏర్పాట్లు అది చేసుకున్నట్టే. పాదాలు చల్లని నేలను తట్టుకోవడానికీ కారణం ఉంది. కుక్క పాదంలో కిందికి వెళ్లే వెచ్చని రక్తమూ పైకి వచ్చే చల్లని రక్తమూ పక్కపక్క నాళాల్లోనే పారుతూ వేడిని ఇచ్చిపుచ్చుకుంటాయి. అలా పాదం గడ్డకట్టదు, ఒంటి వేడీ వృథా కాదు.

1925 జనవరి చివర్లో అలాస్కాలోని నోమ్ పట్టణంలో పిల్లలకు డిఫ్తీరియా సోకినప్పుడు, సుమారు 150 కుక్కలు జట్లు జట్లుగా, ఒకరి చేతినుంచి ఒకరికి అందిస్తూ, 674 మైళ్ల మంచుదారిన మందును అయిదున్నర రోజుల్లో చేర్చాయి. టోగో, బాల్టో అనే కుక్కల పేర్లు లోకానికి తెలిసింది అప్పుడే. అదే అలాస్కాలో ఇప్పుడు జరిగే ఇడిటరాడ్ అనే కుక్కబండ్ల పందెంలో ఒక్కో కుక్కకు ఎనిమిది పాదతొడుగులు వెంట తీసుకెళ్లాలన్న నియమం ఉంది. అంతటి కుక్కలకూ అరికాళ్ల రక్షణ కావాలని అక్కడివారికి తెలుసు. మీరూ వారానికొకసారి వేళ్ల సందులు విప్పి చూడండి. మంచు కురిసే చోట రోడ్డు మీద చల్లిన ఉప్పు సందుల్లో ఇరుక్కుని మంట పుట్టిస్తుంది. కుక్క దాన్ని నాకితే కడుపు పాడవుతుంది. ఇంటికి రాగానే గోరువెచ్చని నీటితో కడిగి తుడిస్తే చాలు.

హస్కీకి శత్రువు చలికంటే తడి. నూగు తడిస్తే అందులో గాలి నిలవదు. ఉండకట్టిన బొచ్చుదీ అదే కథ. అందుకని రోజూ దువ్వండి, ఎప్పుడూ గొరగవద్దు. బాల్కనీలో వాన జల్లు పడనిచోట, నేలకు కాస్త ఎత్తుగా ఒక పలక వేయండి. లోపలికి వచ్చే తలుపు తెరిచి ఉంచండి, ఎక్కడ ఉండాలో దానినే నిర్ణయించుకోనివ్వండి. ఇన్నాళ్లూ చలిని వెతుక్కున్న కుక్క ఒక్కసారిగా వెచ్చదనం కోసం తారాడితే మాత్రం నా దగ్గరికి తీసుకురండి.

ప్రశ్న: కిందటి చలికాలంలో మా కుక్క అయిదు పిల్లల్ని పెట్టింది. ఒక పిల్ల చల్లగా అయిపోతే బలం వస్తుందని సీసాతో పాలు పట్టాం. గంటల్లోనే పోయింది. ఇప్పుడు మళ్లీ కడుపుతో ఉంది. ఈసారి ఒక్కటి కూడా పోకూడదు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ప్రాణం నిలబెట్టాలనే పాలు పట్టారు, చాలామంది అలాగే చేస్తారు. అందుకే ఈ జవాబు కాస్త పొడవుగా రాస్తున్నాను. ఇలాంటి ఇంకొందరికి పనికొస్తుంది.

పుట్టిన పిల్లకు వణకడం చేతకాదు. మొదటి వారమంతా తన వేడిని తాను పుట్టించుకోలేదు. తల్లి పొట్ట, తోటి పిల్లలు, మీరు ఏర్పాటుచేసిన పక్క, ఇవే దాని వేడి. ఆ వయసులో దాని ఒంటి వేడి 95 నుంచి 98 డిగ్రీలే. అది 94 కంటే దిగితే పేగుల కదలిక మందగించి ఆగిపోతుంది. చప్పరించే శక్తి కూడా పోతుంది. అప్పుడు పట్టిన పాలు కడుపులోనే నిలిచి పులుస్తాయి, లేదా ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి. అందుకని నియమం ఇదీ: చల్లబడిన పిల్లకు ముందు వేడి, తర్వాతే పాలు. ఆ వేడి కూడా ఒక్కసారిగా కాదు, గంట నుంచి మూడు గంటల వ్యవధిలో నెమ్మదిగా ఎక్కించాలి. చప్పున ఎక్కిస్తే చర్మం కాలుతుంది, గుండె తట్టుకోలేదు. మీ చొక్కా లోపల ఒంటికి ఆనించి పెట్టుకోవడం మంచి పద్ధతి. ఈలోగా వైద్యుడికి ఫోను చేయండి. ఒళ్లు వెచ్చబడి, వేలు నోట్లో పెడితే గట్టిగా చప్పరించడం మొదలుపెట్టాక తల్లి దగ్గర చేర్చండి.

ప్రసవానికి వారం ముందే పెట్టె సిద్ధం చేయండి. తల్లి కాళ్లు చాచి పడుకునేంత వెడల్పు, పిల్లలు దొర్లిపోనంత అంచు ఉండాలి. మొదటి వారం పిల్లలు ఉండే చోట 85 నుంచి 90 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉండేలా చూసి, తర్వాత వారాల్లో నెమ్మదిగా తగ్గిస్తూ నాలుగో వారానికి 75 దగ్గరకు తేవచ్చు. అయితే పెట్టె మొత్తాన్ని వేడి చేయవద్దు. ఒక పక్కన మాత్రమే వేడి ఉండాలి. వేడెక్కిన పిల్ల జరగడానికి, తల్లి సేదతీరడానికి రెండో పక్క చల్లగా ఉండాలి. హీటింగ్ ప్యాడ్ వాడితే పరుపు పొరల కింద, అతి తక్కువ వేడితో, తల్లి వైరు కొరకలేని విధంగా పెట్టండి.

థర్మామీటర్ చెప్పకముందే పిల్లలే చెబుతాయి. అన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కి గుట్టగా పడి కీచుకీచుమంటుంటే చలి. ఒకదానికొకటి దూరంగా వెల్లకిలా పడి రొప్పుతుంటే వేడి. పక్కపక్కన వరుసగా పడుకుని, నిద్రలో అప్పుడప్పుడు ఉలిక్కిపడుతుంటే అంతా బాగున్నట్టు. ఆ ఉలికిపాటు చూసి భయపడకండి, ఎదిగే పిల్లలకు అది సహజం.

పుట్టిన మొదటి రోజు లోపు ప్రతి పిల్లా తల్లి ముర్రుపాలు తాగాలి. జబ్బులను తట్టుకునే శక్తి చాలావరకు వాటితోనే వస్తుంది. వంటింటి త్రాసు ఒకటి పక్కన పెట్టుకుని రోజూ ఒకే వేళకు అన్నిటినీ తూచి రాసుకోండి. రోజుకు 5 నుంచి 10 శాతం పెరగాలి, వారం పది రోజులకు పుట్టినప్పటి బరువుకు రెట్టింపు కావాలి. బరువు పెరగని పిల్ల ముందు చల్లబడుతుంది, ఆ తర్వాతే మీ కంటికి జబ్బుగా కనిపిస్తుంది. తూకం మీకు ఒక రోజు ముందే కబురు చెబుతుంది. ఆ కబురు అందిన రోజునే నాకు చూపించండి.

ప్రశ్న: పదకొండేళ్ల మా లాబ్రడార్ చలి మొదలైనప్పటినుంచి లేవలేకపోతోంది. కాసేపు నడిస్తే సర్దుకుంటుంది. మేం వేసుకునే నొప్పి మాత్ర సగం ఇవ్వవచ్చా?

వద్దు. దయచేసి వద్దు. ఐబుప్రొఫెన్ కుక్క కడుపులో పుండ్లు చేసి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. పారాసెటమాల్ మోతాదు మించితే కాలేయం పాడవుతుంది. ఇంట్లో పిల్లి కూడా ఉంటే పారాసెటమాల్ దాని కంటబడనే కూడదు, ఒక్క మాత్ర ప్రాణం తీస్తుంది. కుక్కలకు వాడే కార్‌ప్రొఫెన్, మెలాక్సికామ్ వంటివి ఉన్నాయి. వాటిని కూడా ముసలి కుక్కకు రక్తపరీక్షలో కాలేయం, మూత్రపిండాల పనితీరు చూసిన తర్వాతే మొదలుపెడతాం.

మీరు చెప్పిన తీరు, అంటే లేవగానే బిగుసుకుపోయి నడిస్తే సర్దుకోవడం, కీళ్ల అరుగుదల లక్షణం. నన్నడిగితే దీనికి మొదటి మందు బరువు తగ్గడమే. లాబ్రడార్లకు ఈ మాట చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు, ఆ కళ్లతో చూస్తాయి మరి! అయినా గట్టిగా నిలబడండి. రెండోది, నడక మానిపించవద్దు. గంటసేపు ఒకేసారి తిప్పేబదులు పది నిమిషాల చొప్పున రోజుకు నాలుగుసార్లు తిప్పండి. మూడోది నేల. నున్నటి టైల్స్ మీద లేవబోయి జారిన కుక్క మళ్లీ లేవడానికే భయపడుతుంది. పడుకునే చోటినుంచి నీళ్ల గిన్నెదాకా, అక్కడినుంచి గుమ్మందాకా జారని పట్టాలు పరచండి. మా ఇంట్లో ముసలి కుక్కకు ఇలా దారి వేశాక, మందు పెంచకుండానే అది తానే లేచి గుమ్మం దగ్గరికి రావడం మొదలుపెట్టింది. మోచేతులు నేలకు తగలనంత మందమైన పరుపు, గాలి తగలని మూల, కత్తిరించిన గోళ్లు, ఇవీ చూసుకోండి.

ప్రశ్న: చలికాలంలో కుక్కకు తిండి పెంచాలంటారు కదా. మా ఆరేళ్ల గోల్డెన్ రిట్రీవర్‌కు పెంచాం. బరువెక్కింది, అయినా ఎప్పుడూ హీటర్ ముందే ఉంటోంది.

ఆరుబయట ఉండే కుక్కకు, మంచులో పనిచేసే కుక్కకు పెంచాలి. పందెం రోజుల్లో బండి లాగే కుక్కలు రోజుకు 10,000 కేలరీల దాకా ఖర్చు చేస్తాయి. మీ కుక్క ఇంట్లో హీటర్ ముందు ఉంది, నడక కూడా తగ్గి ఉంటుంది. దానికి పెంచనక్కరలేదు. పక్కటెముకల మీద వేళ్లు ఆడించి చూడండి. అరచేతిని బోర్లా పెట్టి వెనకవైపు తడిమితే తగిలే ఎముకల్లా తగిలితే సరైన బరువు. పిడికిలి బిగించినప్పటి కణుపుల్లా పొడుచుకు వస్తే బక్కచిక్కినట్టు. వెతికినా దొరకకపోతే లావెక్కినట్టు.

నాకు అనుమానం వేరే చోట ఉంది. ఈ జాతిలో నడివయసులో థైరాయిడ్ మందగించడం తరచుగా చూస్తాం. తిండి పెద్దగా పెంచకపోయినా బరువు, మందకొడితనం, వెచ్చదనం కోసం పాకులాట, రెండు పక్కలా ఒకే తీరుగా బొచ్చు పలచబడటం, తోక బోసిపోవడం దాని గుర్తులు. రక్తపరీక్షతో తేలుతుంది. రోజూ మాత్ర ఇస్తే కొన్ని వారాల్లో పాత కుక్క మీకు తిరిగి దొరుకుతుంది. ఈలోగా హీటర్‌కు కనీసం మూడడుగుల దూరంలో ఏదైనా అడ్డు పెట్టండి. మగతగా పడుకున్న కుక్క చర్మం కాలుతున్నా త్వరగా లేవదు. బొగ్గుల కుంపటి మాత్రం మూసిన గదిలో వద్దు. దాని కార్బన్ మోనాక్సైడ్ కుక్కనూ మిమ్మల్నీ ఒక్కలాగే చంపుతుంది.

ప్రశ్న: చలికాలంలో స్నానం మానేయాలా?

మానక్కరలేదు, తగ్గించండి. నెలకో, ఆరువారాలకో ఒకసారి చాలు. గోరువెచ్చని నీళ్లు, కుక్కల షాంపూ వాడాలి. మనుషుల షాంపూ వాటి చర్మానికి సరిపడదు. తర్వాత వేళ్ల సందులు, చెవుల వెనక కూడా పూర్తిగా ఆరేదాకా ఓపిక పట్టండి. మధ్యలో మురికైతే తడిగుడ్డతో తుడిస్తే సరిపోతుంది.

ప్రశ్న: ఊరెళ్తూ వారం రోజులు కుక్కను సంరక్షణ కేంద్రంలో ఉంచాం. వచ్చాక గొంతులో ఎముక ఇరుక్కున్నట్టు దగ్గుతోంది. చలి చేసిందా?

చలికంటే అక్కడి తలుపులు మూసిన గది ఎక్కువ చేసి ఉంటుంది. గాలి ఆడనిచోట కుక్కలన్నీ కలిసి ఉంటే బోర్డెటెల్లా అనే బాక్టీరియా, పారాఇన్‌ఫ్లుయెంజా వైరస్ వంటివి ఒకదాన్నుంచి ఒకదానికి పాకుతాయి. దీన్నే కెన్నెల్ దగ్గు అంటాం. తింటూ, ఆడుతూ ఉంటే సాధారణంగా రెండు మూడు వారాల్లో తగ్గుతుంది. అప్పటిదాకా వేరే కుక్కలతో కలవనీయకండి. మెడపట్టీ బదులు ఛాతీ పట్టీ కట్టండి. తిండి మానినా, 103 దాటి జ్వరం వచ్చినా, నిద్రలో కూడా ఊపిరి వేగంగా తీస్తున్నా వెంటనే చూపించండి. ఈ దగ్గుకు టీకా ఉంది, వచ్చేసారి ఊరెళ్లడానికి వారాల ముందే వేయించండి. ముసలి కుక్క రాత్రిళ్లు దగ్గుతుంటే మాత్రం గుండె పరీక్ష చేయించాలి.

ప్రశ్న: కారు కింద కారిన పచ్చని నీళ్లను మా కుక్క నాకింది. ఒక గంటసేపు తాగినదానిలా తూలి, తర్వాత మామూలుగానే ఉంది. భయపడాలా?

ఈ ఉత్తరం అందగానే ఫోను చేశాను. ఇప్పుడిక్కడ రాస్తున్నది మిగతా పాఠకుల కోసం. కారు రేడియేటర్‌లో పోసే ద్రవంలో చాలావాటిలో ఇథిలీన్ గ్లైకాల్ ఉంటుంది. అది తియ్యగా ఉంటుంది కాబట్టి కుక్కలు నాకుతాయి. నీళ్లు కలపని ద్రవమైతే పది కిలోల కుక్కను చంపడానికి 50 మిల్లీలీటర్లు చాలు. మొదట తూలుతుంది, వాంతి చేసుకుంటుంది, అదేపనిగా నీళ్లు తాగుతుంది. తర్వాత కోలుకున్నట్టు కనిపిస్తుంది. మనల్ని మోసం చేసే ఘడియ అదే. ఆ సమయంలో కాలేయం ఆ ద్రవాన్ని అసలు విషంగా మారుస్తూ ఉంటుంది. ఒకటి రెండు రోజులు దాటాక మూత్రపిండాలు ఆగిపోతాయి. దీనికి ఫోమెపిజోల్ అనే విరుగుడు ఉంది, అది దొరకనిచోట ఆసుపత్రిలో నరం ద్వారా మరో పద్ధతిలో చికిత్స చేస్తారు. ఏదైనా మొదటి కొద్ది గంటల్లోనే పనిచేస్తుంది. ఎనిమిది గంటలు దాటనివ్వకూడదు. లక్షణాల కోసం ఎదురుచూడకండి. డబ్బా మీది చీటీని ఫోనులో ఫోటో తీసుకుని పరుగెత్తండి.

ప్రశ్న: మా గేటు దగ్గర ఒక వీధికుక్క రాత్రిళ్లు కారు కింద ముడుచుకుని పడుకుంటోంది. ఇంట్లోకి పిలిస్తే రాదు. దానికి ఏం చేయగలం?

చేయగలిగింది చాలా ఉంది, ఖర్చు లేనిదే. ఒక గట్టి చెక్కపెట్టెను ఇటుకల మీద ఎత్తుగా పెట్టండి. గుమ్మం గాలి వీచేవైపు ఉండకూడదు. పెట్టె పెద్దది వద్దు, అది లేచి నిలబడి ఒకసారి తిరగగలిగేంత చాలు. చిన్న చోటయితే దాని ఒంటి వేడే దాన్ని నింపుతుంది. లోపల దుప్పటి వేయకండి, చెమ్మ పీల్చి చల్లబడుతుంది. ఎండుగడ్డి దట్టంగా వేసి, తడిసినప్పుడల్లా మార్చండి. తిండిని మొదట పెట్టె బయట, తర్వాత గుమ్మంలో, ఆ తర్వాత లోపల పెట్టుకుంటూ వెళ్లండి. మీరు నిలబడి చూస్తుంటే లోపలికి వెళ్లదు, దూరంగా ఉండండి. కొన్నిటికి వారం పడుతుంది, కొన్నిటికి ఇంకా ఎక్కువ. నీళ్ల గిన్నె కూడా పెట్టండి. చలిలో దాహం వేయదనుకుని చాలామంది ఇది మరుస్తారు.

కారు తీసేముందు బానెట్ మీద రెండు దెబ్బలు గట్టిగా చరిచి, కిందికి వంగి చూడండి. కాస్త మచ్చికయ్యాక, రేబిస్ టీకా వేయించడానికి దగ్గర్లోని పశువైద్యశాలతో మాట్లాడండి. పట్టుకోవడం తెలిసినవాళ్లు వస్తారు, మీరొక్కరే ప్రయత్నించి కరిపించుకోవద్దు.